మూడో గది తలుపు

"కొయ్యి. ఇంకోటి కొయ్యి," అన్నాడు పెద్దకొడుకు.

భోజనాల బల్ల మీద అప్పటికే పన్నెండు యాపిల్ పండ్లు రెండేసి చెక్కలై పడి ఉన్నాయి. పైన తోలు ఎర్రగా, నున్నగా, కడిగి తుడిచినట్టుంది. లోపల మాత్రం గింజల దగ్గర మొదలైన తుప్పు రంగు తోలు దాకా పాకిపోయింది.

పదమూడో పండు అతని తమ్ముడు కోశాడు. తమ్ముణ్ణి ఇంటా బయటా అందరూ బోల్టు అనే పిలుస్తారు. ఏ యంత్రం కంటపడినా ముందు దాని బోల్టు విప్పి చూడందే అన్నం సహించదని చిన్నప్పుడు తల్లి పెట్టిన పేరు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో యంత్రాలన్నీ అతని చేతి కిందే నడుస్తాయి.

కత్తి దిగుతుంటే కరకరమనలేదు. ఉడికిన దుంపలో దిగినట్టు మెత్తగా దిగిపోయింది.

"చూశావుగా అన్నయ్యా. ఇంకెన్ని కొయ్యమంటావు?"

"గదంతా ఇలాగే ఉందా?"

"పై వరస చూశా, అడుగు వరస చూశా, నడిమధ్య క్రేట్లు లాగి చూశా. ఒక్కటి బావుంటే నా చెవి కొయ్యి."

"చెవి కోసి ఏం చేసుకోను? తోటలవాళ్ళకి పళ్ళెంలో పెట్టివ్వనా?"

ఆ మాటకి మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒకరు నవ్వేవారు. ఇవాళ గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దకోడలు తల కూడా ఎత్తలేదు.

నమూనా పండ్లు మెత్తబడుతున్నాయని, అనుకున్న గడువుకి ముందే నిన్న మూడో గది తలుపు తెరిచారు. ఐదు నెలల కిందట మూసిన తలుపు. పండు చెట్టు నుంచి తెగినా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరే దాని వయసు. గదిని బాగా చల్లబరిచి, గాలిలో ప్రాణవాయువు తగ్గించి, సందు లేకుండా మూసేస్తే పండు నెమ్మదిగా ఊపిరి తీస్తూ నెలల తరబడి నిద్రపోతుంది. ఇంకో మూడు నెలలకి, ఎక్కడా యాపిల్ దొరకని రోజుల్లో, నిన్న చెట్టు మీంచి దించినట్టు బయటికి రావాలి. ఆరు తోటల్లో దాచాల్సిన పంటంతా ఆ ఒక్క గదిలో పెట్టారు. మొదటి రెండు గదుల సరుకు కోసిన నెలలోనే బజారుకి వెళ్ళిపోయింది కనుక గండం గడిచింది. మూడో గది సరుకు కొనడానికి వచ్చిన మనిషి ఒకే ఒక్క పండు కోసి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

"ఎక్కడో చల్లదనం తప్పింది," అన్నాడు పెద్దకొడుకు. "నువ్వు కునుకు తీసిన రోజేదో ఉంటుంది."

బోల్టు చంకలోంచి కాగితాల చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. గంటగంటకీ గదిలో చల్లదనం ఎంతుందో యంత్రం తనంతట తాను గీసిన గీత. ఐదు నెలల పొడవునా ఎక్కడా వంకర లేదు.

"చూడు. ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించు."

"కాగితం ఏం చెప్తుందిరా? నువ్వు చెప్పించిందే చెప్తుంది."

"ఆ గీత గీసింది నేను కాదు, యంత్రం."

"యంత్రాన్ని విప్పేది నువ్వే, బిగించేది నువ్వే."

బోల్టు కాగితాన్ని అన్న వైపు జరిపాడు. కాగితం చివర పట్టుకున్న చేతి రెండు వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది. గడ్డకట్టిన గొట్టం తగిలి చర్మం ఊడింది. రెండు నెలలుగా గది తలుపుకున్న చిన్న కిటికీలోంచి తీసిన నమూనా పండు వారం వారం మెత్తబడుతుంటే, లోపం తన యంత్రంలోనే ఉందనుకుని రెండుసార్లు ముక్కముక్కా విప్పి మళ్ళీ బిగించాడు. ఏమీ దొరకలేదు.

"మధ్యాహ్నం తోటలవాళ్ళు షెడ్డుకి వస్తున్నారు," అన్నాడు పెద్దకొడుకు. గొంతు తగ్గించాడు. తగ్గించాకే ఎక్కువ భయం వేసేలా ఉంది. "వాళ్ళకి ఏదో ఒక మాట చెప్పాలి. యంత్రం మొరాయించింది, మా తమ్ముడు చూసుకోలేదు. అదే చెప్తాను."

"మొరాయించలేదంటున్నానా!"

"మరి ఇవి వాటంతట అవే చచ్చాయా?"

బోల్టు బల్ల చివరికి తిరిగాడు. అక్కడ తండ్రి కూర్చుని ఉన్నాడు. తోటలవాళ్ళందరికీ ఆయన పెద్దాయన. నలభై ఏళ్ళుగా కోత ఎప్పుడు మొదలెట్టాలో ఆయనే చెప్పాలి. పండు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క పీల్పు పీల్చి "రేపు" అంటే రేపు, "ఆగండి" అంటే ఆగడం. గేజీలు, మందులు, పరీక్షలు ఎన్ని వచ్చినా పెద్దాయన ముక్కు తర్వాతే.

"నాన్నా, నువ్వైనా చెప్పు. నేను ఒక్క పూటైనా ఆ యంత్రాన్ని వదిలి వెళ్ళానా?"

పెద్దాయన ఎదురుగా ఉన్న పండు చెక్కని వేలితో కాస్త అవతలికి జరిపాడు.

"అన్నయ్య చెప్పేది విను," అన్నాడు.

బోల్టు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కాగితాలు చుట్టుకోవడం కూడా మరిచి పెరట్లోకి నడిచాడు. అతని భార్య అయిన చిన్నకోడలు పొయ్యి మీద పాలు పెట్టినదల్లా అలాగే వదిలేసి అతని వెంట పరుగెత్తింది.

*

పెద్దకోడలు వరండాలోకి వచ్చి నిలబడింది. పెరట్లో బోల్టు ఏదో అంటున్నాడు, చిన్నకోడలు ఏడుస్తోంది. భర్త ఫోనులో ఎవరికో "రండి, రండి, మాట్లాడుకుందాం" అని ముక్తసరిగా చెబుతున్నాడు.

అంతలో మాడు వాసన గుప్పుమంది.

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. పాలు పొంగి, పొంగినవి పొయ్యి మీద పడి నల్లగా పెచ్చు కట్టాయి. గిన్నె అడుగు ఎర్రబడింది. ముక్కుపుటాలు మండిపోయే ఘాటు. బల్ల దగ్గర్నుంచి ఎప్పుడు లేచొచ్చాడో, పొయ్యికి రెండడుగుల దూరంలో ముక్కాలిపీట మీద, వీపు పొయ్యి వైపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని ఉన్నాడు పెద్దాయన.

ఆమె పొయ్యి ఆపింది. టక్కుమన్న చప్పుడుకి ఆయన తల తిప్పాడు.

"ఏమైందమ్మా?"

"పాలు మాడిపోయాయి మామయ్యా."

"అరె. ఏదో ఆలోచనలో పడ్డాను."

ఆమె గిన్నె దించలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. పోయిన నెల సామాన్ల గదిలో ఎలుక చచ్చి మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఉండలేకపోతే, ఆ పక్క గదిలోనే హాయిగా నిద్రపోయాడు ఈయన. మందు సీసా మూత తెరిచి ఇస్తే ఒకప్పుడు ముక్కు మూసుకునేవాడు, ఇప్పుడు నీళ్ళలా తాగేస్తున్నాడు. ముసలితనం అనుకుంది. అత్తయ్య పోయిన దిగులు అనుకుంది.

"మామయ్యా," అంది. "మీకు వాసన తెలియడం లేదు కదూ?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగిపోయాడు. పెరట్లో ఏడుపు ఆగింది.

"ఎన్నాళ్ళయింది?"

"మీ అత్తయ్య పోయిన నెలకి నాకు జ్వరం వచ్చింది చూడు. జ్వరం వెళ్ళింది. దాంతోపాటే ఇదీ వెళ్ళిపోయింది."

"అంటే కోతకి ముందే."

"కోతకి ముందే."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు పండు చేతిలో పెట్టారమ్మా. చుట్టూ అంతమంది నా మొహం చూస్తున్నారు. పీల్చాను. రాయి పీల్చినట్టుంది. మళ్ళీ పీల్చాను. ఏదో ఒకటి అనాలి కదా. 'ఇంకో పదిరోజులు ఆగండి' అన్నాను." ఆయన ఖాళీ అరచేతిలోకి చూసుకున్నాడు. "ఆ పదిరోజుల్లో వాసన తిరిగొస్తుందేమో, అప్పుడు సరిగ్గా చూసి చెబుదామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. రాలేదు. అయినా పదో రోజున కోయమన్నాను."

పెద్దకోడలు గోడకి చేరగిలబడింది. ఆయన మీద జాలి పడే అర్హత తనకి లేదని ఆమెకి తెలుసు.

షెడ్డులో కాయల పరీక్ష ఆమె పని. కాయని అడ్డంగా కోసి అయొడిన్‌లో ముంచితే, లోపల పిండి ఉన్న మేరకి నల్లబడుతుంది. సగం నలుపు, సగం తెలుపు ఉన్న రోజే కోయాలి. అలాంటి కాయే గదిలో నిద్రపోతుంది. తెల్లగా మిగిలిందంటే పిండంతా తీపిగా మారిపోయిందని అర్థం. చెట్టు మీద తినడానికి అంతకన్నా మంచి పండు ఉండదు, దాచడానికి అంతకన్నా చెడ్డది ఉండదు. పైగా ముదిరిన పండు ఊపిరి తగిలి పక్కది కూడా ముదురుతుంది.

ఆ పదో రోజు ఉదయం ఆమె ముప్ఫై కాయలు కోసి ముంచింది. ఇరవై ఎనిమిది తెల్లగానే ఉండిపోయాయి.

"నా పరీక్షలో కూడా తేలింది మామయ్యా. వీటిని దాచడానికి లేదని. పుస్తకంలో రాశాను."

పెద్దాయన గిరుక్కున తిరిగాడు. "రాసి?"

"పుస్తకం పట్టుకుని మీ దగ్గరికి బయల్దేరాను. అరుగు మీద అందరూ మీ చుట్టూ ఉన్నారు. అత్తయ్య పోయాక మీరు నవ్వడం ఆ రోజే చూశాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను."

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"మీరు చెప్పాక ఈ ఇంట్లో ఇంకొకరు చెప్పే అలవాటుందా మామయ్యా?"

మాడిన పాల పెచ్చు చల్లారుతూ చిటపటమంది.

"ఈ మాట నలుగురిలో పెట్టకమ్మా," అన్నాడు చివరికి పెద్దాయన. "ముక్కు లేని ముసలాడి మాట మీద ఆరు తోటలు ఆగాయని తెలిస్తే నేను వీధిలో తలెత్తుకు నడవలేను."

"మరి బోల్టు ఎలా నడుస్తాడు?"

"వాడు కుర్రాడు. నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు. పోయిన పేరు మళ్ళీ తెచ్చుకుంటాడు. నాకంత ఆయుష్షు లేదు."

ఆమె గిన్నె తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది. నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి లేచింది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

*

షెడ్డులో క్రేట్లు బోర్లించుకుని కూర్చున్నారు తోటలవాళ్ళు. ఎవరూ పలకరింపులు మొదలుపెట్టలేదు. మధ్యలో మూడో గది పండ్లు కుప్పగా పోసి ఉన్నాయి. ఒకడు ఒక పండు తీసి బొటనవేలు నొక్కాడు. వేలు దిగబడింది. తీసి తుడుచుకుని తల వంచుకున్నాడు.

పెద్దకొడుకు నిలబడి చెప్పాడు. యంత్రం మొరాయించిందన్నాడు. తమ్ముడు గమనించలేదన్నాడు. ఇంటివాడని వెనకేసుకు రావడం లేదని, తప్పు తప్పేనని అన్నాడు. మాటలు ముందే వల్లెవేసుకున్నట్టు వరసగా వచ్చాయి.

"ఏడాది కష్టం నీ చేతిలో పెట్టాం కదయ్యా," అన్నాడు ఒక తోటాయన బోల్టుతో. "నిద్రొస్తే చెప్పొచ్చుగా? మా ఇంట్లోంచి ఎవరో ఒకరం వచ్చి కూర్చునేవాళ్ళం."

"నిద్రపోలేదు బాబాయ్," అన్నాడు బోల్టు. యంత్రం పక్కన, తప్పుచేసిన పిల్లాణ్ణి నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాడు.

పెద్దకోడలు తన పరీక్షల బల్ల వెనక ఉంది. పుస్తకం సొరుగులోంచి తీసి చేతిలో పట్టుకుంది. పేజీ తెరవలేదు. భర్త ఆమె వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు లేచింది గట్టుతోట పెద్దమ్మ. ఆరుగురిలో లేని ఏడో మనిషి. ఈ ఏడాది పెద్దాయన మాట కాదని, అందరికన్నా పదిరోజులు ముందే కోత పెట్టుకుంది. మా చెట్టు నాతో మాట్లాడుతుంది, మధ్యలో మనుషులెందుకు అంది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. "పచ్చి కాయల్ని మా వాటితో కలపం" అని పెద్దకొడుకు ఆవిడ సరుకుని చిన్నదైన నాలుగో గదిలోకి నెట్టాడు. ఆ గది ఇంకా తెరవలేదు.

ఆవిడ సంచిలోంచి ఒక పండు తీసి పెద్దాయన ముందుకి వచ్చింది.

"అన్నా, నలభై ఏళ్ళు నీ ముక్కునే నమ్మాం. గీతలూ కాగితాలూ మాకు తెలియవు. ఇది చూసి నువ్వే చెప్పు, దీనికి ఏమైందో."

పెద్దాయన పండు అందుకున్నాడు. షెడ్డంతా ఆయన వైపు తిరిగింది. బోల్టు కూడా ఒక అడుగు ముందుకి వేశాడు. ఆ ముఖంలో ఇంకా ఆశ ఉంది.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పండు ముక్కు దగ్గర పెట్టుకుని నిండుగా పీల్చాడు.

"కుళ్ళు వాసన, చెల్లెమ్మా," అన్నాడు. "చల్లదనం తప్పింది. యంత్రం ఆగిన రోజుంది."

బోల్టు తల వాలిపోయింది.

గట్టుతోట పెద్దమ్మ మాట్లాడకుండా ఆ పండు వెనక్కి తీసుకుంది. పరీక్షల బల్ల మీది కత్తి అందుకుని పండు మీద పెట్టి నొక్కింది. టప్పుమని విరిగింది. రసం చింది బల్ల మీద పడింది. రెండు చెక్కలూ ఎత్తి చూపించింది. పాల నురుగులా తెల్లగా ఉన్నాయి.

"ఇది నాది. నాలుగో గదిది. ఇందాక నేను అడిగితే చిన్న కిటికీలోంచి మీవాడే తీసిచ్చాడు. ఆ గదికీ ఈ గదికీ యంత్రం ఒక్కటే. అదాగితే నావి మాత్రం ఎలా బతికాయి అన్నా?"

పెద్దాయన చెయ్యి పండు పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయింది.

"నాన్న కంగారులో ఉన్నాడు," అన్నాడు పెద్దకొడుకు. "ఈ వయసులో..."

"కోత రోజుకే ఈ మూడో గదివి ముదిరిపోయాయి," అంది పెద్దకోడలు.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పుస్తకం తెరిచి చదివింది. తేదీ, కాయల లెక్క, ముప్ఫైలో ఇరవై ఎనిమిది తెలుపు. చదివి పుస్తకం బల్ల మీద పెట్టింది.

"వీటిని ఏ యంత్రమూ కాపాడలేదు. తప్పు బోల్టుది కాదు. నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు."

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

"నీకు తెలిసింది సరే. పెద్దాయనకి ఎలా తెలియలేదు?" అన్నాడు ఇందాకటి తోటాయన.

ఆమె పుస్తకం మూసేసింది. చెప్పకూడదనుకుంది. కానీ పెద్దాయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"నాకు వాసన రాదు. కోతకి ముందు నుంచీ," అన్నాడు.

చివర కూర్చున్నవాళ్ళకి వినపడలేదు. ఏమన్నాడు, ఏమన్నాడు అని అడిగారు. ముందున్నాయన వెనక్కి తిరిగి చెప్పాడు. "వాసన రాదట. కోతకి ముందు నుంచీ రావడం లేదట."

నవ్వినా బావుండేది. ఎవరూ నవ్వలేదు. తిట్టినా బావుండేది. ఒక్కొక్కరే లేచారు. బోర్లించిన క్రేటు మళ్ళీ తిప్పి, గోడవార సర్ది, మరీ మర్యాదగా బయటికి నడిచారు. కడపటి మనిషి గుమ్మం దగ్గర ఆగి, పెద్దాయనకి దణ్ణం పెట్టబోయి, ఎందుకో సగంలో చేతులు దించేసుకుని వెళ్ళిపోయాడు.

గట్టుతోట పెద్దమ్మ ఒక్కతే పెద్దాయన దగ్గరికి వచ్చింది. "చెప్పి ఉంటే నేనే వచ్చి నీ బదులు కాయ చూసి పెట్టేదాన్ని కదన్నా," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు. మొహం గోడకి తిప్పుకున్నాడు.

షెడ్డులో ఇంటివాళ్ళే మిగిలారు.

"వదినా," అన్నాడు బోల్టు. "కోత రోజే తెలుసా?"

"తెలుసు."

"యంత్రం రెండోసారి విప్పినప్పుడు నాకు అన్నం ఇక్కడికే తెచ్చిపెట్టావు. అప్పుడూ తెలుసా?"

"తెలుసు."

"వేళ్ళకి కట్టు కట్టావు."

ఆమె ఆ కట్టు వంకే చూసింది.

"రోజూ అడిగేదానివి వదినా. 'లోపం ఎక్కడుందో దొరికిందా' అని." అతను జేబులోంచి తాళాలు తీసి యంత్రం మీద పెట్టాడు. "దొరికింది."

"ఒరేయ్, నా మాట విను," అన్నాడు పెద్దకొడుకు.

"పట్నంలో మెకానిక్కి ఫోన్ చేశా. సాయంత్రానికి వస్తాడు. నాలుగో గది పెద్దమ్మది. దాన్ని ఒక్క గంట కూడా వదలొద్దు." ఆ మాట అన్నకీ కాదు, వదినకీ కాదు, గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. తండ్రి పక్కనుంచే వెళ్ళాడు. ఆగలేదు.

*

పొద్దువాలే వేళకి చిన్నకోడలు గదిలో బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. బోల్టు ముందే బస్టాండుకి వెళ్ళిపోయాడు. పట్నంలో ఐసు ఫ్యాక్టరీలో పనుందట. ఎప్పటినుంచో పిలుస్తున్నారట. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నువ్వైనా ఆపలేవా?" అంది పెద్దకోడలు గుమ్మంలో నిలబడి.

"ఎలా ఆపను అక్కా?"

"నిజం చెప్పేశాను కదే. ఇప్పుడు అతని మీద ఏ మచ్చా లేదు."

చిన్నకోడలు మడత పెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

"బావగారు అబద్ధం చెప్పినప్పుడు కోపంగా బయల్దేరాడు అక్కా. కోపం చల్లారితే వారానికో నెలకో తిరిగొచ్చేవాడు. నువ్వు నిజం చెప్పాక ఆయనకి కోపం లేదు. షెడ్డులోంచి వచ్చి నన్నొకటే అడిగాడు. 'నేనంటే వదినకి కూడా ఏమీ లేదా' అని. దానికి నేనేం చెప్పను?"

పెద్దకోడలు లోపలికి రాబోయింది. చిన్నకోడలు సంచి తీసి తమ ఇద్దరి మధ్యా పెట్టుకుని మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

ముందు గదిలో పెద్దాయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భోజనం పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది. ఆమె దాన్ని తీసుకుని భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి, పొద్దున కోసిన పండ్ల చెక్కలు ఎత్తి బుట్టలో వేస్తున్నాడు భర్త. ఆయన ఈ ఇంట్లో అలాంటి పని చేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నేను తీస్తాను, వదిలేయండి."

"పర్లేదు."

ఇద్దరూ చెరో వైపు నుంచి చెక్కలు ఎత్తారు.

"మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు," అంది ఆమె. "మీ నాన్నని నలుగురిలో నిలబెట్టాను. అరుస్తారనుకున్నాను."

ఆయన బుట్ట కింద పెట్టాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ పేజీ నేను చూశాను."

"ఇవాళ అందరూ చూశారు."

"ఇవాళ కాదు. కోత రోజు. నువ్వు పుస్తకం బల్ల మీద వదిలి లోపలికి వెళ్ళావు. తెరిచి ఉంది. చదివాను."

ఆమె చేతిలో పండు చెక్క అలాగే ఉండిపోయింది. దాని నీరు వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది.

"చదివి?"

"నువ్వు నాన్నకి చెప్తావనుకున్నాను. చెప్తే నీ వెనక నిలబడదామనుకున్నాను. నువ్వు చెప్పలేదు. నువ్వే ఊరుకున్నావంటే ఫర్వాలేదేమోననుకున్నాను." ఆయన ఆమె వైపు చూడలేదు. "తర్వాత గది మూసేశాం."

"మూసేశాక ఐదు నెలలున్నాయి."

"ఉన్నాయి."

"పొద్దున ఈ బల్ల దగ్గరే వాణ్ణి కునుకు తీశావన్నారు. తెలిసే అన్నారా?"

ఆయన బల్ల మీది మరో చెక్క తీసి బుట్టలో వేశాడు.

"తెలిసే వాడి మీద వేశారా?" ఆమె గొంతు పైకి లేవలేదు. లేచే శక్తి లేదు. "కాగితాలు పరిచి చూపిస్తుంటే, వేళ్ళకి ఆ కట్టుతో..."

"నాన్న పేరు చెప్పలేను. నీ పేరు చెప్పలేను. ఇంకెవరున్నారు ఈ ఇంట్లో?"

గుమ్మం దగ్గర అలికిడయింది. ఇద్దరూ తిరిగి చూశారు.

చిన్నకోడలు భుజాన సంచితో నిలబడి ఉంది. పొద్దున బోల్టు మరిచిపోయిన కాగితాల చుట్ట కోసం వచ్చినట్టుంది. అది బల్ల మీద, పండ్ల చెక్కల పక్కన, ఒక అంచు తడిసి ఉంది. ఆమె నెమ్మదిగా వచ్చి చుట్ట తీసుకుంది. తడి అంచుని చేత్తో తుడిచింది.

"బస్సుకి ఇంకా అరగంట ఉంది," అంది. కళ్ళెత్తి ముందు బావగారిని, తర్వాత అక్కని చూసింది. "ఈ మాట ఆయనకి నన్ను చెప్పమంటారా? మీలో ఎవరైనా వచ్చి చెప్తారా?"

పెద్దకోడలు భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు.